మూచొకీ మచ్‌కీ చుట్టరికం లేదు

స్పానిష్ మొదలుపెట్టిన ఎవరికైనా ఇంటర్నెట్లో ముందుగా చేతికి తగిలేది మూడు గడుల పట్టిక. మొదటి గడిలో స్పానిష్ మాట, రెండో గడిలో ఇంగ్లీష్ అర్థం, మూడో గడిలో ‘మూలం’. వంద మాటలవి కొన్ని, వెయ్యి మాటలవి కొన్ని. జనం రెండో గడిని బట్టీ పడతారు, మూడో గడిని కాలక్షేపానికి చదువుతారు. నా లెక్క దీనికి తలకిందులు. ఇంగ్లీష్ అర్థం మనం అనుకున్నంత నమ్మదగ్గది కాదు, మూలం మనం అనుకున్నంత తేలికైనదీ కాదు. మూడో గడిలో ఏదో ఒక పాత మాట పడేసి ఊరుకుంటే లాభం లేదు. ఆ పాత మాట ఏ దారిన నడిచి ఇప్పటి మాటయిందో రాయాలి. దారి తెలియకపోతే గడి ఖాళీగా వదిలేయాలి.

ముందు ఉచ్చారణ గురించి ఒక్క మాట. స్పానిష్ త, ద మన త, ద లాంటివే, ఇంగ్లీష్ ట, డ లు కావు. టొమాటో అక్కడ తొమాతె. హెచ్ రాస్తారు గానీ పలకరు. జె అక్షరానిది గొంతులోంచి వచ్చే హకారం. రెండు ఎల్‌లు పక్కపక్కన ఉంటే ఇప్పుడు ఎక్కువ ప్రాంతాల్లో య అంటారు. వి రాసినా పలికేది బ. జెడ్‌ని లాటిన్ అమెరికాలో స అంటారు. ఈ వ్యాసంలో మాటలన్నీ పలికినట్టే రాస్తున్నాను, రాతలో ఉన్న అక్షరం అవసరమైన చోట విడిగా చెప్తాను.

పోలిక సాక్ష్యం కాదు

పట్టికల్లో తరచూ కనబడే మూడు జతలు చూడండి. మూచొ అంటే చాలా, ఇంగ్లీష్‌లో మచ్. దీయ అంటే రోజు, ఇంగ్లీష్‌లో డే. అబేర్ (రాతలో ముందు హెచ్ ఉంటుంది) అంటే ఇంగ్లీష్‌లో హ్యావ్. రూపం కలిసింది, అర్థం కలిసింది, కాబట్టి చుట్టాలేనని పట్టిక తేల్చేస్తుంది. మూడూ తప్పే.

మూచొ లాటిన్ ‘ముల్తుం’ నుంచి వచ్చింది. లాటిన్‌లో ఉకారం తర్వాత ల, త కలిసిన చోట స్పానిష్‌లో చ తేలింది. అదే దారిన ‘కుల్తెల్లుం’ కుచీయొ (కత్తి) అయింది, ‘అస్కుల్తారె’ ఎస్కుచార్ (వినడం) అయింది. ఇంగ్లీష్ మచ్ పాత ఇంగ్లీష్ ‘మిచెల్’ తాలూకు మాట. దాని అసలు చుట్టాలు గ్రీకు ‘మెగాస్’, సంస్కృతం ‘మహత్’. అంటే ఇంగ్లీష్ మచ్‌కి మన మహా దగ్గర, స్పానిష్ మూచొ పరాయి. డే సంగతీ అంతే. లాటిన్ ‘దియేస్’, స్పానిష్ దీయ, సంస్కృతం ‘దివసం’ ఒక కుటుంబం. ఇంగ్లీష్ డే ఆ ఇంటిది కాదు.

మూడో జత ఇంకా చిత్రం. లాటిన్‌లో క ఉన్న చోట ఇంగ్లీష్‌లో హ రావాలి: కెంతుం – హండ్రెడ్, కోర్ను – హార్న్, కానిస్ – హౌండ్. కాబట్టి హ్యావ్‌కి లాటిన్ తోబుట్టువు కావాలంటే కకారంతో మొదలయ్యే మాట వెతకాలి గానీ హకారంతో మొదలయ్యే ‘హబేరె’ని కాదు. ఆ తోబుట్టువు ‘కపేరె’, పట్టుకోవడం. అది స్పానిష్‌లో కబేర్‌గా మిగిలింది. కబేర్‌కి పట్టిక ఇచ్చే అర్థం ‘ఫిట్’. మనకి ఆ మాట అక్కర్లేదు. ‘చేత్తో పట్టు’ అన్నా ‘ఈ డబ్బాలో కిలో బియ్యం పట్టదు’ అన్నా మనది ఒకే క్రియ. లాటిన్ నుంచి స్పానిష్‌కి వచ్చేసరికి ‘పట్టుకోవడం’ కాస్తా ‘లోపల పట్టడం’ అయింది. తెలుగులో ఈ రెండర్థాలూ ఇప్పటికీ ఒకే మాటలో ఉన్నాయి.

పైగా అబేర్ పక్కన హ్యావ్ అని రాసుకున్నవాడు ‘నా దగ్గర పుస్తకం ఉంది’ అనబోయి దాన్నే వాడతాడు. ఇప్పటి స్పానిష్‌లో అబేర్ ఎక్కువగా సహాయక క్రియ. ‘నా దగ్గర ఉంది’కి తెనేర్ కావాలి.

ఇప్పుడు ఎదురు ఉదాహరణ. ఎంబరసాద అంటే గర్భవతి. ఇంగ్లీష్ ఎంబరాస్డ్ అనుకుని సిగ్గుపడిన మగవాడు ‘నేను గర్భవతిని’ అన్న జోకు ప్రతి స్పానిష్ క్లాసులోనూ ఉంటుంది. ‘పోలిక చూసి మోసపోకండి, వీటికి సంబంధం లేదు’ అని కింద రాస్తారు. సంబంధం ఉంది. స్పానిష్ ‘ఎంబరసార్’ అంటే మొదట అడ్డం పడటం, చిక్కులో పెట్టడం. అది పోర్చుగీస్ వైపు నుంచి వచ్చిందనీ, లోపల ఉన్నది తాడు, ఉచ్చు అనే అర్థమున్న మాటనీ నిఘంటుకారుల అభిప్రాయం. అదే మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీష్‌కి పోయి మనసు ఇబ్బంది పడటమైంది, స్పెయిన్‌లో ఒంటి బరువైంది. మూచొ, మచ్ ఏమీ కాకుండా ఒకే అర్థమిస్తున్నాయి. ఇవి సొంత చుట్టాలై ఉండి వేరే అర్థాలిస్తున్నాయి. చుట్టరికం వేరు, అర్థం వేరు. పట్టికలు ఈ రెంటినీ ఒకే గాట కట్టడంతోనే చిక్కంతా.

వికృతులూ ప్రకృతులూ

సాక్ష్యం మరి ఏది? ఒకే మార్పు పది మాటల్లో ఒకేలా కనబడితే అదే సాక్ష్యం. స్పానిష్‌కి పనికొచ్చే సూత్రాలు చాలా లేవు. నాలుగు పట్టుకుంటే రోజువారీ మాటల్లో పెద్ద భాగం దారికొస్తుంది.

ఒకటి, మాట మొదట్లో లాటిన్ ఎఫ్ అరిగి, పలకని హెచ్ అయింది. ఫిలియుం – ఈహొ (కొడుకు), ఫరీన – అరీన (పిండి), ఫుర్నుం – ఓర్నొ (పొయ్యి), ఫెర్రుం – యేర్రొ (ఇనుము), ఫోర్మీక – ఒర్మీగ (చీమ). ఇంటర్లో కెమిస్ట్రీ చదివినవాడికి ఫెర్రస్ సల్ఫేటూ, చీమ కుట్టుకి కారణమైన ఫార్మిక్ ఆసిడూ తెలుసు. ఆ ఫకారం తీసి చూస్తే యేర్రొ, ఒర్మీగ వాటంతటవే గుర్తుంటాయి. ఇంగ్లీష్ నిజంగా సాయం చేసేది ఇక్కడే. దాని రోజువారీ మాటలు కాదు, దాని సైన్సు మాటలు అక్కరకొస్తాయి. అవి లాటిన్ నుంచి నేరుగా ఎత్తుకొచ్చినవి, పెద్దగా అరగలేదు.

రెండు, క త కలిస్తే చ. నోక్తెం – నోచె (రాత్రి), ఓక్తో – ఓచొ (ఎనిమిది), లాక్తె – లేచె (పాలు), ఫాక్తుం – ఏచొ (చేసినది). నోక్తెంకి సంస్కృత బంధువు ‘నక్తం’. నక్తంచరుడు అన్న మాట తెలిసినవాడికి నోచె కొత్తది కాదు. పట్టికలు ఇక్కడ చేసే తప్పు ఏమిటంటే లాటిన్ నిఘంటువులో ఉన్న ప్రథమా విభక్తి రూపం రాయడం: ‘నోక్స్ – నోచె’, ‘లాక్ – లేచె’ అని. ఆ రూపాల్లో క త కలిసి లేదు, ఇక చ ఎక్కడి నుంచి వస్తుంది? స్పానిష్ నామవాచకాలు దాదాపు అన్నీ ద్వితీయా విభక్తి రూపం నుంచి దిగాయి. లాక్ మరీ మొండి మాట, దాని ద్వితీయ కూడా లాక్ అనే ఉంటుంది. జనం నోట లాక్తె అయ్యాకే లేచె పుట్టింది.

మూడు, మాట మొదట్లో క్ల, ప్ల, ఫ్ల ఉంటే రెండు ఎల్‌లవుతాయి. క్లావెం – యావె (తాళంచెవి), ప్లేనుం – యేనొ (నిండిన), ప్లోరారె – యొరార్ (ఏడవడం), ప్లువియ – యూబియ (వాన). పోర్చుగీస్‌లో ఇదే చోట ష పలికే సిహెచ్ వచ్చింది, అందుకే అక్కడ తాళంచెవి ‘షావి’. పాత పలుకుబడిలో అది ‘చావి’. హిందీ చాబీ దాని కూతురే. మన తాళంచెవిలో ఉన్న చెవి కూడా అదేనని కొందరంటారు. వినడానికి బాగుంది గానీ, మన ఒంటి మీదే ఒక చెవి ఉండగా నేను ఒట్టేసి చెప్పను.

నాలుగు, ఒత్తి పలికే పొట్టి ఒ, ఎ లు విరిగిపోతాయి: పొర్తం – ప్వేర్త (తలుపు), మొర్తెం – మ్వేర్తె (చావు), తెర్రం – త్యేర్ర (నేల).

సూత్రం చెప్పగానే ఒక అభ్యంతరం లేస్తుంది. ఫ పోతుందన్నారు, మరి ఫ్వేగొ (నిప్పు), ఫ్రీయొ (చలి), ఫాబ్రిక (ఫ్యాక్టరీ) ఎలా మిగిలాయి? మొదటి రెంటికీ జవాబు సులువు: వెనకే ‘వె’ గానీ రకారం గానీ ఉంటే ఫ నిలబడింది. ఫాబ్రిక వేరే కథ. తెలుగు చదువుకున్నవాళ్లకి ఇది చెప్పడం తేలిక, మనకి ప్రకృతి, వికృతి ఉన్నాయి కనక. పక్షి, పక్కి రెండూ మన దగ్గరున్నట్టే స్పానిష్‌లోనూ ఒకే లాటిన్ మాట రెండుసార్లు ఉంటుంది: జనం నోట అరిగినది ఒకసారి, చదువుకున్నవాళ్లు పుస్తకంలోంచి తెచ్చినది మరోసారి. లాటిన్ ‘ఫాబ్రిక’ జనం నోట ఫ్రాగ్వ అయింది, అది కమ్మరి కొలిమి. పుస్తకంలోంచి వచ్చిన ఫాబ్రిక ఫ్యాక్టరీ అయింది. యావె తలుపు తాళంచెవి, క్లావె రహస్య సంకేతం. యేనొ నిండినది, ప్లేనొ పూర్తి, అదీ పెద్దమనుషుల భాషలో. నాకు బాగా నచ్చిన జత కాతెద్ర, కదేర. మొదటిది ప్రొఫెసర్ పదవి, రెండోది తుంటి. రెండూ కుర్చీ అనే ఒకే మాట నుంచి వచ్చాయి. పండితుడు కుర్చీలో హోదా చూశాడు, మామూలు జనం అందులో కూర్చునే భాగాన్ని చూశారు.

కాబట్టి గడిలో ‘లాటిన్’ అని రాస్తే ఏమీ చెప్పినట్టు కాదు. అరిగి వచ్చిందా, పుస్తకంలోంచి వచ్చిందా రాయాలి. యామ అనే మాట తీసుకోండి. మంట అనే యామ లాటిన్ ఫ్లమ్మ. ‘పిలుస్తున్నాడు’ అనే యామ లాటిన్ క్లామత్. ఆండీస్ కొండల్లో బరువులు మోసే లామా జంతువు కూడా యామే, అది కెచువా భాషది. రాత ఒకటే, పలుకు ఒకటే, దారులు మూడు. దీనికి ఒకే గడి ఎలా సరిపోతుంది?

ఫలానా మనిషి

తెలుగువాళ్లు ఇంగ్లీష్ మీదుగా వెళ్లి అనవసరంగా నష్టపోయేది అరబ్బీ మాటల దగ్గర. ఫులానొ పక్కన పట్టిక ‘సో అండ్ సో’ అని రాస్తుంది. అది అరబ్బీ ‘ఫులాన్’. పారశీ, ఉర్దూల మీదుగా మనకి చేరిన రూపం ఫలానా. అర్థం కూడా కొలిచి పోసినట్టు అదే. మనకి ఎల్లయ్య, పుల్లయ్య ఉన్నట్టు వాళ్లకి ఫులానొ వెంట మెంగానొ, సుతానొ ఉంటారు. అద్వాన అంటే కస్టమ్స్ ఆఫీసు, లోపల ఉన్నది దీవాన్, మన దివాణం. అల్కాల్దె అంటే మేయరు, లోపల ఉన్నది ఖాజీ. అల్గ్వసీల్ అంటే కోర్టు జవాను, లోపల ఉన్నది వజీరు. మంత్రి జవాను స్థాయికి దిగిపోయాడు. ఆ పతనం ‘బెయిలిఫ్’ అన్న ఇంగ్లీష్ మాటలో కనబడదు.

వీటిలో ముందున్న అ, అల్ ఏమిటంటే అరబ్బీలో ఇంగ్లీష్ ‘ది’ లాంటి ముక్క. 711లో ముస్లిం సేనలు ఐబీరియాలో (ఇప్పటి స్పెయిన్, పోర్చుగల్ ఉన్న చోట) దిగాక అక్కడి జనం అరబ్బీ మాటల్ని దాంతో సహా మింగారు. ఇటలీవాళ్లు చాలాచోట్ల అది లేకుండా తీసుకున్నారు. అందుకే ఇటాలియన్ ‘కొతోనె’, దాని వరసలో ఇంగ్లీష్ కాటన్ ఉంటే, స్పానిష్‌లో అల్గొదోన్ ఉంది. అల్ ఎప్పుడూ అల్‌లా ఉండదు, సంధి జరుగుతుంది. స, ద, ర, న, జ లాంటి హల్లు ముందు ల ఆ హల్లులో కలిసిపోతుంది: అస్‌సుక్కర్ – అసూకర్, అద్‌దీవాన్ – అద్వాన, అర్‌రుజ్ – అర్రోస్ (బియ్యం), అన్‌నీల్ – అన్యీల్ (నీలిమందు). ఆ సుక్కర్ మన శర్కరే, ఆ నీల్ మన నీలమే. ముందున్న తొడుగు తీస్తే ఇంట్లోవాళ్లు కనబడతారు.

ఇంకో తొడుగు హకారం. ఇప్పుడు హ పలికే జె అక్షరం చాలా మాటల్లో ఒకప్పుడు ష, దాన్ని ఎక్స్‌తో రాసేవారు. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో అది గొంతులోకి జారింది. అనుమానం వచ్చినప్పుడు హ తీసి ష పెట్టి చూడండి. హరాబె అంటే సిరప్పు. షరాబ్ అనండి, షర్బత్ పక్కింట్లో తేలుతుంది, ఇంగ్లీష్ సిరప్ కూడా అక్కడిదే. అహెద్రేస్ అంటే చదరంగం. ‘అషెద్రెస్’ అనండి, వెనక అరబ్బీ షత్రంజ్, దాని వెనక పారశీ చత్రంగ్, దాని వెనక చతురంగం. హెరేస్ ఊరి ద్రాక్షసారాని ఇంగ్లీష్‌వాళ్లు షెర్రీ అనడానికీ కారణం ఇదే: వాళ్లు మాట పట్టుకెళ్లినప్పుడు ఆ ఊరి పేరులో ఇంకా ష ఉంది.

అలాగని అల్ కనబడ్డ ప్రతిదీ అరబ్బీ అనుకుంటే మళ్లీ పోలిక ఉచ్చులో పడ్డట్టే. ఆల్మ (ఆత్మ) లాటిన్ ‘అనిమ’. ఆల్తొ (ఎత్తయిన) లాటిన్ ‘అల్తుస్’. అల్మేంద్ర (బాదం) గ్రీకు నుంచి లాటిన్‌కి, అక్కడి నుంచి స్పానిష్‌కి వచ్చింది, అల్ దారిలో అంటుకుంది. ఇంగ్లీష్‌వాళ్లూ ఇలాంటి పనే చేశారు. స్పానిష్ ‘ఎల్ లగార్తొ’ అంటే ‘ఆ బల్లి’. ఎల్‌తో సహా మింగి ఎలిగేటర్ చేశారు.

కథలు పుట్టే చోటు

మూడో గడి ఎక్కువగా చెడేది కమ్మని కథ దొరికినప్పుడు. గ్రింగొ అనేది పరాయివాడిని, ముఖ్యంగా అమెరికన్‌ని అనే మాట. అమెరికాకీ మెక్సికోకీ జరిగిన 1846–48 యుద్ధంలో పచ్చ యూనిఫాం సైనికుల్ని చూసి మెక్సికోవాళ్లు ‘గ్రీన్, గో’ అన్నారట, అదే గ్రింగొ అయిందట. స్పెయిన్‌లో 1780లలో అచ్చయిన తెర్రేరోస్ నిఘంటువులోనే ఈ మాట ఉంది. భాష సరిగా పలకలేని పరదేశిని మలగాలో అలా అంటారని అందులో రాశాడు. యుద్ధానికి యాభై ఏళ్లకు పైగా ముందు మాట అది. గ్రీకు అనే ‘గ్ర్యేగొ’ నుంచి వచ్చిందని ఎక్కువమంది అంటారు, అర్థంకాని భాషని గ్రీకు అనే అలవాటు అక్కడ ఉంది కనక. అయితే గ్ర్యేగొ నుంచి గ్రింగొకి పైన చెప్పినలాంటి నున్నటి దారి లేదు. కాబట్టి ‘గ్ర్యేగొ కావచ్చు’ అని రాసుకోవాలి, అంతవరకే.

అవొకాడో కథ ఇంకా జోరుగా తిరుగుతుంది. అజ్టెక్కుల నావత్ల్ భాషలో ‘ఆవకత్ల్’ అంటే వృషణమనీ, పండు ఆకారాన్ని బట్టి ఆ పేరు పెట్టారనీ. ఆవకత్ల్ అంటే ముందు పండే, ఆ రెండో అర్థం పండుని చూసి సరసానికి పుట్టించింది. కథ తిరగేసి చెప్తున్నారు. (ఆవకాయకీ దీనికీ ఏ సంబంధమూ లేదని కూడా చెప్పాలి. పోలిక మీద నమ్మకం ఉన్నవాళ్లు ఎక్కడిదాకానైనా వెళ్తారు.)

అర్థం వేరే ఊళ్లో ఉంటే

నా వాదనకి గట్టి ఎదురుమాట ఒకటుంది. మూలం తెలిసినంత మాత్రాన మాట వాడటం రాదు. ఎక్సితొ లాటిన్‌లో బయటికి పోవడం, స్పానిష్‌లో విజయం. ‘చివరికి తేలినది’ అనే మెట్టు మధ్యలో ఉంది గానీ, అది తెలియనివాడు ఎగ్జిట్ బోర్డు కోసం ఎక్సితొ వెతుకుతాడు. బోర్డు మీద ఉండేది సలీద. ఫులానొ ఫలానా అని మురిసిపోయి ఒకావిడ గురించి ‘ఫులాన’ అంటే గొడవే. స్త్రీలింగంలో అది వేశ్య అనే తిట్టుగా కూడా నడుస్తుంది. ఈ హెచ్చరిక ఏ అరబ్బీ నిఘంటువులోనూ దొరకదు.

ఇది నిజం. అయితే దీన్ని ఇంగ్లీష్ అర్థం గడి కూడా కాపాడదు. గుస్తార్ పక్కన ‘లైక్’ అని రాసుకున్న విద్యార్థి ‘నేను కాఫీని ఇష్టపడతాను’ అనే తీరులో వాక్యం కట్టి తప్పు చేస్తాడు. ‘మె గుస్త ఎల్ కఫే’ అంటే నాకు కాఫీ నచ్చుతుంది. కర్త కాఫీ, నేను కాదు. పుస్తకాలు అయితే ‘మె గుస్తాన్’, క్రియ బహువచనమవుతుంది, మన నచ్చుతాయి లాగే. లాటిన్ ‘గుస్తారె’ రుచి చూడటం, రుచి నాలుకకి తగులుతుంది, అందుకే నాకు. తెలుగులో నచ్చు అని రాసుకున్నవాడికి ఈ పాఠం చెప్పనక్కర్లేదు. రెండో గడిలో ఇంగ్లీషే ఉండాలని ఎవరు పెట్టారో!

నేను చెప్పే నోటుబుక్కు ఇలా ఉంటుంది. మాట, దాని ముందు ఎల్ లేదా ల (లింగం అక్కడే తేలిపోతుంది). పక్కన తెలుగు అర్థం, తెలుగులో సరిపడకపోతేనే ఇంగ్లీష్. మూడో గడిలో పొర పేరు: అరిగిన లాటిన్, పుస్తకం లాటిన్, అరబ్బీ, అమెరికా భాష, లేదా ఫ్రెంచి, ఇటాలియన్, ఇంగ్లీష్. దాని కింద సూత్రం ఒకటి, అదే సూత్రం పాటించిన ఇంకో రెండు మాటలు. రెండు దొరక్కపోతే మూలం పక్కన ప్రశ్నార్థకం. చివర సొంతంగా కట్టినది కాకుండా నిజంగా ఎవరైనా రాసిన వాక్యం ఒకటి. రోజుకి ఐదు మాటలు మించి కుదరవు. వెయ్యి మాటల పట్టిక కంటే ఇది చాలా నిదానం, ఒప్పుకుంటాను.

మూలాలకి ముందుగా చూడాల్సింది స్పానిష్ అకాడమీ (అది 1713లో పుట్టింది) వేసే నిఘంటువు. ఇంటర్నెట్లో ఉచితం. మాట కిందే చిన్న వరస ఉంటుంది. ‘దెల్ లాత్’ అంటే లాటిన్ నుంచి, ‘దెల్ ఆర్ ఇస్ప్’ అంటే స్పెయిన్‌లో మాట్లాడిన అరబ్బీ నుంచి. ఈ తేడా చిన్నది కాదు. ఒహలా (అలా జరిగితే బాగుండు) అన్న మాటకి పట్టికలు ‘ఇన్షా అల్లా’ అని రాస్తాయి. నిఘంటువు చూపించేది స్పెయిన్ అరబ్బీలోని ‘లవ్ షా ల్లాహ్’. అర్థం దగ్గరే, మాట అది కాదు.

అదే వరసలో కొన్నిచోట్ల ‘ఎతిమ్ దిస్క్’ అని ఉంటుంది, మూలం మీద వాదం ఉందని. కొన్నిచోట్ల ‘దె ఒర్ ఇంక్’, మూలం ఖాయంగా తేలలేదని. అలా తేలనివాటిలో అరుదైన మాటలే ఉంటాయనుకుంటే పొరపాటు. కుక్కని స్పానిష్‌లో పేర్రొ అంటారు. లాటిన్ కానిస్ నుంచి వచ్చిన కాన్ అనే మాట ఉండగానే ఈ పేర్రొ ఎక్కడి నుంచో వచ్చి దాన్ని వీధిలోంచి తరిమేసింది. లాటిన్‌లో దీనికి తల్లి లేదు, అరబ్బీలో లేదు. స్పానిష్ మూలాల మీద అందరికంటే పెద్ద నిఘంటువు చేసిన కొరోమినాస్, గొర్రెల కాపరులు కుక్కని అదిలించే ‘ప్ర్‌ర్’ అనే చప్పుడు నుంచి పుట్టి ఉంటుందనుకున్నాడు. పేర్రొ పక్కన నా మూడో గడిలో ఆ చప్పుడు ఉంది, దాని పక్కన ప్రశ్నార్థకం ఉంది.